పిచ్చయ్య గారి మూడు నిమిషాలు

మా వీధి మొదట్లో అప్పడాల కొట్టాయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. రేషన్ కార్డులోనూ ఎల్ఐసీ బాండులోనూ అది క్షేమంగానే ఉంది. పిచ్ పోటీలో గెలిచి వచ్చిన దగ్గర్నుంచీ నా వరకు మాత్రం ఆయన పిచ్చయ్య గారు. ఇది ఎగతాళి కాదు, అవసరం. ఇలాంటివారు ఇప్పుడు ఊరికి ముగ్గురో నలుగురో తేలుతున్నారు. ఒకాయన తేనె, ఒకావిడ గుడ్డ సంచులు, ఒక కుర్రాడు జొన్న బిస్కెట్లు. నిన్నటిదాకా 'కొట్టు' అన్నవారు ఇవాళ 'వెంచర్' అన్నారంటే, 'అమ్మకం' అనాల్సిన చోట 'ఇంపాక్ట్' అన్నారంటే, వారిదీ పిచ్చయ్య గారి గోత్రమే. మూలపురుషుణ్ణి రోజూ చూస్తున్నాను కనక ఆయన సంగతే చెప్తాను.

ఊరు రాజమండ్రి. బోర్డుల మీద రాజమహేంద్రవరం, నోట్లో ఇంకా రాజమండ్రే. కొట్టు పదడుగుల గది. మినప అప్పడాలు, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, కందిపొడి, వేసవిలో ఆవకాయ. వెనక వాటాలో కాపరం, పైన డాబా. సరుకు పుట్టేది ఆ డాబా మీదే. పిచ్చయ్య గారి భార్య, వీధిలో ఆడవాళ్ళు ఆరుగురు పొద్దున్నే పిండి దంచి, ఉండలు చేసి, ఒత్తి, పాత చీరల మీద ఆరేస్తారు. ఆరుగురిలో ఒకామెకి భర్త లేడు, ఒకామెకి ఉన్నా లేనట్టే. కూలి ఏ రోజుది ఆ రోజే. పిల్లల ఫీజులప్పుడు అడ్వాన్సు. గల్లాపెట్టె పైన 'అప్పు రేపు' అని అట్టముక్క వేలాడుతుండేది గానీ, దాని కింద సొరుగులోనే అప్పుల పుస్తకం ఉండేది. నెలాఖరులో సగం వీధి ఆ పుస్తకంలోనే కాపరం. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న ఈ వ్యవహారానికి ఎవరూ ఒక పేరు పెట్టిన పాపాన పోలేదు. పిచ్చయ్య గారైతే 'ఈ దరిద్రం' అనేవారు.

పేరు పెట్టింది ఆయన మేనల్లుడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. సంక్రాంతికి వచ్చి, డాబా ఎక్కి ఆరుగుర్నీ చూసి, కిందికి దిగి అప్పుల పుస్తకం తిరగేసి, "మావయ్యా, నువ్వు సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌వి" అన్నాడు. డాక్టరు రోగం పేరు చెప్పినట్టు నివ్వెరపోయి, "ఎప్పట్నించి రా?" అన్నారట ఈయన.

అలా మొదలైంది. పిచ్ అంటే ఏమిటో తెలుసుకోడానికి మామా అల్లుళ్ళిద్దరూ రాత్రంతా కూచుని, డబ్బున్నవాళ్ళకి వ్యాపారం గురించి చెప్పి పెట్టుబడి అడిగే టీవీ ఆట షార్క్ ట్యాంకు చూశారు. ఆ ఆట పుట్టుపూర్వోత్తరాలు మర్నాడు నాకూ చెప్పారు. 2001లో జపానులో మొదలైనప్పుడు డబ్బిచ్చేవాళ్ళు పులులట. 2005లో బ్రిటన్ చేరేసరికి డ్రాగన్లయ్యారు. 2009లో అమెరికాలో సొరచేపలు. ఆ సొరచేపలే 2021 డిసెంబరులో మన దేశానికి ఈదుకొచ్చాయి. "డబ్బు అడగబోయే చోట ఒక్క సాధుజంతువూ లేదు చూశారా మాస్టారూ" అన్నారు పిచ్చయ్య గారు. ఆయనలోని పాత మనిషి నాతో మాట్లాడిన ఆఖరి మాటల్లో అదొకటి.

తర్వాత స్లైడ్లు. మొదటి స్లైడులో సమస్య చెప్పాలన్నాడు అల్లుడు. "మినప్పప్పు ధర" అన్నారీయన. "అది నీ సమస్య మావయ్యా. సమాజం సమస్య కావాలి." ఇద్దరూ ఒక పూటంతా వెతికితే మా వీధిలో ఎప్పుడూ ఉన్నవే దొరికాయి. మూడో స్లైడు మార్కెట్టు. దేశంలో 140 కోట్ల మంది, మనిషికి రోజుకో అప్పడం, ఏడాదికి మూడొందల అరవై అయిదు రోజులు. లెక్క చూసి పిచ్చయ్య గారికి కళ్ళు తిరిగాయి. అన్ని అప్పడాలు ఆరెయ్యడానికి డాబా ఎక్కడుందని పైనుంచి భార్య అడిగితే, అది నాలుగో స్లైడులో వస్తుందని కింద నుంచి అల్లుడు అరిచాడు. నాలుగో స్లైడులో అది రాలేదు.

అయిదో స్లైడు లిజ్జత్. ఇది మాత్రం నిజంగా చెప్పుకోదగ్గ కథ. 1959లో బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి డాబా మీద అప్పడాలు ఒత్తారు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. నష్టమొచ్చినా సరే, చందాలూ దానాలూ పుచ్చుకోం అన్నారు. ఇవాళ అందులో వేలకి వేలమంది సభ్యులు. ప్రతి సభ్యురాలూ యజమానే, లాభంలో వాటా ఉంటుంది, ఒకరినొకరు బెహన్ అని పిలుచుకుంటారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. పిచ్చయ్య గారు ఇదంతా బట్టీపట్టి వంటింట్లో భార్యకి అప్పజెప్పారు. ఆవిడ మూకుట్లో అప్పడం తిరగేస్తూ, "ఆ 80 రూపాయలిచ్చినాయన వాళ్ళని ఎన్ని నిమిషాలు మాట్లాడమన్నాట్ట?" అన్నారు. ఈయన ఆ మాట పట్టించుకోకుండా కథ చివర సొంత వాక్యం ఒకటి తగిలించారు: "మా ఆరుగురూ కూలీలు కారండీ, వాటాదారులు." రిహార్సలులో బ్రహ్మాండంగా పేలింది. ఉంచేశారు.

పోటీ ఒక ఇంజనీరింగు కాలేజీ ఆడిటోరియంలో. నేనూ వెళ్ళాను. ఇచ్చినవి మూడు నిమిషాలు. అందులో నలభై సెకన్లు వేదిక నలంకరించిన పెద్దలకి నమస్కారం చెప్పడానికే పోయాయి. మిగతాది గోదావరి వరద. గంట కొట్టాక కూడా రెండు వాక్యాలు గట్టు దాటాయి.

ప్రశ్నలప్పుడు అసలు సరదా. "మీ బర్న్ రేటెంత?" అన్నాడు కోటు వేసుకున్న కుర్ర జడ్జి. "నూరు వేయిస్తే ఒకటో రెండో మాడతాయండి." "మీ మోట్ ఏమిటి?" "మా దగ్గర మోటు సరుకు ఉండదండి, ఆయ్." "ఎగ్జిట్ ఏమైనా ఆలోచించారా?" "వెనక సందులోకి ఇంకో గుమ్మం ఉందండి." హాలు హాలంతా చప్పట్లు. జడ్జీలు దాన్ని చమత్కారం అనుకున్నారు. నాకు తెలుసు, అది అచ్చమైన సమాచారం. మొత్తానికి 'సామాజిక ప్రభావం' విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. ఆ విభాగంలో పోటీపడింది ఇద్దరే అన్న సంగతి ఆయన చెప్పరు, నేనూ చెప్పకూడదు.

బహుమతి అంటే ఆరడుగుల చెక్కు. ఫ్లెక్సు మీద అచ్చేసి, చుట్టూ చెక్క ఫ్రేము కొట్టారు. 'అక్షరాలా రెండు లక్షల రూపాయలు మాత్రమే.' అది ఆటోలో పట్టక, పైన తాడేసి కట్టి తెచ్చారు. కొట్టు గుమ్మంలోంచి అడ్డంగానూ దూరలేదు, నిలువుగానూ దూరలేదు. సందులోంచి తిప్పి మెట్ల మీదుగా డాబా ఎక్కించారు. అసలు డబ్బు మూడు వాయిదాల్లో వస్తుందన్నారు, మెట్టు మెట్టుకీ కాగితాలు చూపిస్తే. దీనికి తోడు ఇంకో లక్ష విలువైన క్లౌడ్ క్రెడిట్లు. మబ్బు కనిపిస్తే గుండెలు బాదుకునే కొంపకి లక్ష రూపాయల మబ్బులు బహుమతి.

ఆ వారంలోనే 'అప్పు రేపు' అట్ట దిగిపోయింది. దాని స్థానంలో 'కమ్యూనిటీ క్రెడిట్' అని వచ్చింది. పప్పులోకి నాలుగు వడియాలు కొసరు అడిగితే ఇదివరకు "వేళాకోళమా?" అనేవారు, ఇప్పుడు "కస్టమర్ డిలైట్" అంటూ రెండే వేస్తున్నారు. ఆరుగుర్నీ పిలిచి, ఇకనుంచి మీరు కూలీలు కారు, కో-క్రియేటర్లు అన్నారు. "అంటే కూలి పెరుగుద్దా బాబూ?" అని అడిగింది అందరిలోకీ పెద్దామె. ఆ ప్రశ్న కోటు వేసుకున్న కుర్రాడు అడిగి ఉంటే ఈయనకి బహుమతి వచ్చేదా అని నా అనుమానం.

ఇక్కడ పిచ్చయ్య గారు ఒక సంగతి మరిచారు. పిచ్ వినేది జడ్జీలొక్కరే కాదు. కాలేజీ కుర్రాళ్ళు వీడియో తీశారు, అల్లుడు వాట్సాప్‌లో పెట్టాడు, మూడు రోజులకి అది ఆరుగురి ఫోన్లకీ చేరింది. 'కూలీలు కారండీ, వాటాదారులు' అన్న ముక్క దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నారట. వీళ్ళేమీ అమాయకులు కారు. ఆరుగురూ డ్వాక్రా సంఘం వాళ్ళు. తొంభైలలో, సారా వ్యతిరేక ఉద్యమం చల్లారకముందే, నెల్లూరు ఆడవాళ్ళు రోజుకో రూపాయి పొదుపుతో మొదలుపెట్టిన ఒరవడి వీళ్ళ తల్లులది. నెలనెలా మీటింగు, మినిట్స్ పుస్తకం, తీర్మానం, సంతకం, బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీ. స్లైడు లేకుండా అప్పు తెచ్చి, వాయిదా తప్పకుండా కట్టడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

మంగళవారం సాయంత్రం మినిట్స్ పుస్తకం పట్టుకుని కొట్లోకి వచ్చారు. తీర్మానం రాసే ఉంది: 'పోటీలో అందరి ముందూ చెప్పిన ప్రకారం, లాభంలో ఆరుగురికీ వాటా ఇచ్చుటకు యజమాని గారు అంగీకరించిరి.' కింద ఆరు సంతకాలు, ఏడోదానికి ఖాళీ గీత. పిచ్చయ్య గారు, "అది విజన్ స్టేట్‌మెంటమ్మా" అన్నారు నీరసంగా. "అదేనండి, దానిమీదే సంతకం" అంది పెద్దామె. లోపల్నుంచి భార్య పెన్ను తెచ్చిచ్చారు.

లాభంలో వాటా ఇవ్వాలంటే లాభమెంతో తెలియాలి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన లెక్క వేశారు. అల్లుడు ఆన్‌లైన్లో, ఆవిడ వేళ్ళ మీద. ఆహార భద్రత వారి రిజిస్ట్రేషను, ఏడాదికి వంద రూపాయల రుసుము, పద్నాలుగంకెల నంబరు, అదే లేదని అప్పుడు తేలింది. అది వచ్చింది. దాంతో మొదటి వాయిదా కదిలింది. చిన్న ఆహార పరిశ్రమలకని 2020లో కేంద్రం పెట్టిన పథకంలో 35 శాతం సబ్సిడీతో పిండి కలిపే మిషను వచ్చింది. చేతి నుంచి పెట్టాల్సిన పది శాతానికి ఆ వాయిదా అక్కరకొచ్చింది. రోకలి పోటు తప్పినందుకు ఆ మిషనుకి ఆరుగురూ పసుపు కుంకాలు పెట్టారు. వెంచరులో నాకు తెలిసి అందరూ ఒప్పుకున్న ఇంపాక్టు అదొక్కటే.

అప్పుడే ఒక పెద్ద సూపర్‌మార్కెట్టు వారు ఆర్డరిస్తామన్నారు. పిచ్చయ్య గారు స్కేల్, స్కేల్ అని మూడు రోజులు నిద్రపోలేదు. డబ్బు మాత్రం అరవై రోజులకి ఇస్తారట, అమ్ముడుపోనిది వెనక్కి పంపుతారట. "మినప్పప్పు షావుకారు అరవై రోజులు ఆగుతాడా?" అన్నారు ఆవిడ. చిన్న పరిశ్రమల సరుకుకి 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నాటి చట్టమే ఉందని ఈయనకి తెలుసు, ప్యానెళ్ళలో చెప్తారు కూడా. ఆ చట్టం పేరెత్తితే ఆర్డరు ఉండదనీ తెలుసు. చివరికి ఆవిడే వెళ్ళి మాట్లాడి, అడిగినదాంట్లో నాలుగోవంతు సరుకు, సగం డబ్బు ముందు అని ఒప్పించి వచ్చారు. ఎన్ని నిమిషాలు పట్టిందని అడిగాను. "చెప్పులు విప్పుకునే టైమన్నా పట్టలేదండీ" అన్నారు.

పిచ్చయ్య గారికి ఇప్పుడు కొట్లో కూచునే తీరిక లేదు. ఆయన్ని ఇతర పోటీలకి జడ్జీగా పిలుస్తున్నారు. బట్టతో పాటు కుట్టుకూలీ బేరమాడి కుట్టించుకున్న కోటు వేసుకుని వెళ్ళి, తేనె అమ్ముకునే కుర్రాణ్ణి "నీ ఎగ్జిట్ ఏంటి నాయనా?" అని అడుగుతున్నారు. వీధిలో పాత బాకీలు అడగడం మానేశారు గానీ, పుస్తకం ఆవిడ చేతిలోకి వెళ్ళింది. ఆవిడ అడుగుతారు. నాది కూడా రెండు కిలోల కందిపొడి బాకీ, నిన్ననే కట్టాను.

మొన్న ఆషాఢంలో సాయంత్రం ఆయన డాబా మెట్ల మీద ఫోను నిలబెట్టుకుని, ఏదో ఆన్‌లైన్ సభలో, చిన్న వ్యాపారం ప్రమాదాలకి ఎలా ఎదురొడ్డాలో చెప్తున్నారు. నేను ఉప్పు మిరపకాయల కోసం వచ్చి ఆగిపోయాను. పడమట నల్లగా లేచింది. "వానండోయ్!" అని పైనుంచి కేక. "ఒక్క క్షణం అండి, మా స్టేక్‌హోల్డర్లు పిలుస్తున్నారు" అని ఫోను బోర్లించి, కోటుతోనే పైకి పరిగెత్తారు. వెనక నేనూ. ఆరుగురూ చీరలు కొసలు పట్టి మడిచేస్తున్నారు. గుమ్మడి వడియాలు మాత్రం ఇంకా పచ్చిగా ఉన్నాయి, ఎత్తితే విరుగుతాయి. పిట్టగోడకి చేరేసిన చెక్కుని అటొకరు ఇటొకరు పట్టి మొగుడూ పెళ్ళాలిద్దరూ వాటి మీద బోర్లించారు. మూలల్లో నాలుగు ఇటుకలు పెట్టారు. అక్షరాలా రెండు లక్షల మీద వాన దబదబా కొట్టింది. కింద ఒక్క వడియం తడవలేదు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, అటు ఖాళీగా ఉన్న డాబా వైపు చూసి, "ఏవండీ, ఇలాంటివి ఇంకో రెండు గెలుచుకురాకూడదూ? అప్పడాల వైపుకి చాలట్లేదు" అన్నారు.