సూపర్ లగ్జరీలో జీరో టికెట్

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పల్లెవెలుగు కండక్టరుకి పైథాన్ రాదు. రావాల్సిన పనీ లేదు. 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు ప్రయాణానికి స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచీ ఆయన రోజంతా నడిపేది ఇఫ్‌లూ ఎల్స్‌లే. ఎక్కింది ఆడమనిషేనా, లేక ట్రాన్స్‌జెండరా? ఆధారో, ఓటరు కార్డో ఉందా? అందులో ఊరు ఆంధ్రప్రదేశ్‌దేనా? అన్నీ కుదిరితే జీరో టికెట్, ఏది తప్పినా డబ్బులు. చిల్లర లెక్కపెడుతూ, ఫుట్‌బోర్డు మీది కుర్రాణ్ణి కేకలేస్తూ, బస్సు ఊరు దాటేలోగా అందరి సంగతీ తేల్చేస్తాడు.

ఇదే పని కంప్యూటర్‌తో చేయించమంటే, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే పిల్లలకి చెమటలు పడతాయి.

పథకం వర్తించే బస్సులు ఐదు రకాలు: పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. అన్నీ కొట్టడానికి బద్ధకించిన కుర్రాడు రెండింటితో సరిపెడతాడు: ‘ఇఫ్ బస్సు ఈక్వల్స్ పల్లెవెలుగు ఆర్ ఎక్స్‌ప్రెస్’. చదివితే తప్పేమీ కనిపించదు. పైథాన్ మాత్రం దీన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఒకటి, బస్సు పల్లెవెలుగేనా అన్న ప్రశ్న. రెండోది ఉత్త ‘ఎక్స్‌ప్రెస్’ అన్న మాట. కోట్స్ మధ్య ఖాళీ కాకుండా ఏది ఉన్నా దానికి నిజమే. ఇంకేముంది, ఏ బస్సు పేరిచ్చినా అవుననే జవాబు. సూపర్ లగ్జరీకీ జీరో టికెట్టే, పక్క రాష్ట్రం వెళ్లే సర్వీసుకీ జీరో టికెట్టే. ఎర్రర్ అన్నది రాదు. ప్రోగ్రాం సలక్షణంగా నడుస్తుంది, ఆర్టీసీ మునుగుతుంది.

మార్కుల ప్రోగ్రాం ఇంకో తమాషా. కీబోర్డు మీంచి ఏం కొట్టినా పైథాన్‌కి అది అక్షరాల కిందే లెక్క. దాన్ని పాస్ మార్కు 35 అనే సంఖ్యతో పోల్చమంటే ‘టైప్ ఎర్రర్’ అని మొండికేస్తుంది. ‘ఇంట్’ అన్న ఒక్క మాట చేరిస్తే పోయేదానికి, మనవాడు 35కి కూడా కోట్స్ తొడిగేస్తాడు. ఎర్రర్ మాయం! ఇప్పుడు రెండు వైపులా అక్షరాలే కనక పోలిక నిఘంటువు వరసలో సాగుతుంది. 9 ముందు 3 ఎంత? 3 ముందు 1 ఎంత?

“ఏటి మాస్టారూ, తొమ్మిదొచ్చినోడు పాసా?”

“నూటికి నూరొచ్చినోణ్ణి చూడు. ఫెయిలు!”

చివరి బెంచీ వాళ్లకి మాత్రం ఇందులో దిద్దాల్సిందేమీ కనిపించదు.

ఎలిఫ్‌ల (అంటే ‘ఎల్స్ ఇఫ్’ల) వరస తప్పితే మరో చిక్కు. ముందు 35 దాటితే పాస్ అని రాసి, దాని కింద 75 దాటితే డిస్టింక్షన్ అని రాస్తే, డిస్టింక్షన్ ఈ జన్మలో ఎవరికీ రాదు. 90 తెచ్చుకున్న పిల్ల మొదటి షరతు దగ్గరే పాసైపోయి ఇంటికెళ్లిపోతుంది.

పిల్లల్ననడం అన్యాయం. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ ‘జూన్’ మ్యూజిక్ ప్లేయర్లు (ఆ నెలకీ వీటికీ చుట్టరికం లేదు) ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. లీపు సంవత్సరం కనక ఆ రోజు 366వది. రోజులు 366 దాటితే ఏం చెయ్యాలో గడియారం కోడ్‌లో ఉంది. సరిగ్గా 366 అయితే ఏం చెయ్యాలో లేదు. పాపం, అవి లూప్‌లో పడి గిరగిరా తిరుగుతూ ఉండిపోయాయి. బ్యాటరీ పూర్తిగా దిగనిచ్చి, జనవరి 1 మధ్యాహ్నం దాటాక మళ్లీ ఛార్జింగ్ పెట్టుకోమన్నారు కంపెనీ వారు. అంత పెద్ద సంస్థ చెప్పిన వైద్యం అదీ!

అరటికెట్టు దగ్గరా ఇదే పేచీ. ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, ఆపైన పన్నెండేళ్ల దాకా సగం. మరి నిన్ననే పన్నెండు నిండినవాడు ఎటు? ‘లెస్ దేన్’ పెడితే ఫుల్లు, పక్కన ‘ఈక్వల్స్’ చేరిస్తే హాఫు. క్లాసులో దీని మీద అరగంట కొట్టుకుంటారు.

చింతపల్లి బస్సులో అంతసేపు పట్టదు. నూనూగు మీసాల కొడుకుని కిటికీ పక్కకి నెట్టి, “మావోడికింకా పదకొండు నిండలేదు బాబూ” అంటుంది తల్లి. కండక్టరు వాడివైపు తిరిగి, “ఏరా, టెన్త్ ఎగ్జామ్స్ ఎప్పుడ్నుంచి?” అంటాడు.

“మార్చిలోనండి” అంటాడు వాడు.

టికెట్ మిషన్ లోంచి ఫుల్ టికెట్ వస్తుంది.