సర్వలెన్సు నివారిణి

“ఇదొక్కటి తీసుకోండి సార్, జన్మలో ఇంకో లెన్సు అడగరు” అని షాపతను అనడమే ఆలస్యం, మనవాడు కార్డు తీసేస్తాడు. 18 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా! 2017లో టామ్రాన్ దించిన ఈ సూపర్‌జూమ్ యాత్రికుల పాలిట జిందా తిలిస్మాత్. గుడికీ ఇదే, గోపురానికీ ఇదే, చంటిపిల్ల నవ్వుకీ, చెట్టు మీద చిలక్కీ ఇదే. కాకపోతే ఆ సీసా జేబులో పడుతుంది. ఇది 700 గ్రాముల పైమాటే, మెడకు వేలాడాల్సిందే.

ఈ మందు మహిమ చూడాలంటే లేపాక్షి వెళ్లాలి. వీరభద్రాలయం మండపం కప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలు, కింద మసక వెలుతురు. మనవాడు మెడ వెనక్కి విరిచి పార్వతీ కల్యాణం మీదికి జూమ్ తిప్పుతాడు. లెన్సు ముక్కు సాగేకొద్దీ అపర్చర్ కుదించుకుపోయి 6.3 దగ్గర ఆగుతుంది. పక్కనున్న కుర్రాడి 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు దీనికి పన్నెండు రెట్లు వెలుతురు తాగుతోంది. ఆ లోటు పూడ్చడానికి ఐఎస్‌ఓ ఆకాశానికెక్కుతుంది, పెళ్లికూతురి మొహం నిండా నాయిస్. “వీసీ ఉందిగా” అంటాడు. నిజమే, వణికే చేతిని వీసీ ఆపుతుంది. మండపంలో పరుగెత్తే పిల్లల్ని ఎవరాపుతారు?

ఇక 18 దగ్గర పెడితే అంచున ఉన్న స్తంభాలకు పొట్టలొస్తాయి. కాస్త ముందుకు తిప్పితే అవే స్తంభాలకు నడుం సన్నబడుతుంది. ఒకే గొట్టంలో 22 రెట్ల జూమ్ కుక్కితే ఇంతకన్నా ఏమొస్తుంది?

కొల్లేరులో పడవ మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో పెలికాన్ లేస్తున్నప్పుడు మాత్రం ఇదే నెగ్గుతుంది, ఒప్పుకుంటాను. బ్యాగులో మూడు లెన్సులు మోసే మన శుద్ధ సంప్రదాయవాది మూత తీసేలోపే పక్షి గూడు చేరుకుంటుంది.

అసలు నష్టం గాజుకు కాదు, కాళ్లకు. లేపాక్షి నంది ఏకశిల, దాదాపు 27 అడుగుల పొడవు. మనవాడు రోడ్డు మీది బస్సు కిటికీలోంచే 400కి తిప్పి క్లిక్‌మనిపిస్తాడు. ఫ్రేము నిండింది కదా అని సంతృప్తి. మెడలోని గంటల దండ కింద నిలబడి పైకి చూస్తే కనపడే నంది వేరు. ఆ కోణం ఏ జూమ్ రింగులోనూ లేదు, నడిచి వెళ్తేనే దొరుకుతుంది.

కొనేవాళ్లు కొనండి, కాదనను. ఆ ధరలో చిన్న ముక్కకే 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సొకటి వస్తుంది, దాన్నీ సంచిలో వేసుకోండి. నంది దగ్గర మాత్రం దయచేసి బస్సు దిగండి.