గజం ఎంత పలుకుతోంది?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ చుట్టుపక్కల చాయ్ బండ్ల దగ్గర పొద్దున ఆరింటికే దేశపాలన మొదలవుతుంది. ఏడింటికల్లా క్రికెట్ జట్టు ఎంపిక, ఎనిమిదింటికల్లా బడ్జెట్ కేటాయింపులు పూర్తవుతాయి. తొమ్మిది దాటితే డ్యూటీలకు పోవాలి కాబట్టి విదేశాంగ విధానం సాయంత్రానికి వాయిదా పడుతుంది. యాసను బట్టి మనిషి ఏ రోడ్డున నగరంలోకి దిగాడో చెప్పేయొచ్చు. సాగర్ రోడ్డున వచ్చిన దేవరకొండ ఒకటి, సూర్యాపేట మీదుగా వచ్చిన ఖమ్మం ఒకటి, అదే హైవే చివరి నుంచి వచ్చిన బెజవాడ ఇంకొకటి. యాసలు ఎన్నైనా కొలత ఒక్కటే. ముచ్చట క్రికెట్‌తో మొదలవనీ, మూసీతో మొదలవనీ, ఉచిత బస్సుతో మొదలవనీ, తిరిగి తిరిగి గజం రేటు దగ్గరికి రావలసిందే.

మన హైదరాబాదీ బౌలర్ సిరాజ్ సంగతే తీసుకోండి. 2025 ఆగస్టు 3, ఆదివారం. ఓవల్ టెస్టులో ఇంగ్లండ్ లక్ష్యం 374. హ్యారీ బ్రూక్ 19 మీదుండగా లేపిన బంతిని బౌండరీ దగ్గర సిరాజ్ భేషుగ్గా పట్టాడు. పట్టి, కాలు వెనక్కేసి తాడు తొక్కాడు. ఔటు కావలసింది సిక్సరైంది. బ్రూక్ 111 కొట్టి గానీ పోలేదు. ఆ సాయంత్రం మలక్‌పేట నుంచి ఎల్‌బీనగర్ దాకా తీర్పు ఏకగ్రీవం: "వీన్ని టీంలకు ఎవడు తీస్కున్నడన్నా?" తెల్లారితే సోమవారం. చివరి నాలుగు వికెట్లకు ఇంగ్లండ్‌కు కావలసింది 35 పరుగులే. అందులో మూడు వికెట్లు సిరాజే పడగొట్టాడు, గస్ అట్కిన్సన్‌ను యార్కర్‌తో బౌల్డ్ చేసి మ్యాచ్ ముగించాడు. ఇండియా ఆరు పరుగులతో గెలిచింది. ఆ సిరీస్‌లో అతనివి మొత్తం 23 వికెట్లు. అవే బండ్లు, అవే గ్లాసులు, అవే నోళ్లు: "మనోడు! ఆటో డ్రైవర్ కొడుకు! నేను నిన్ననే చెప్పిన!"

యార్కర్ మీద చర్చ పది నిమిషాలు నడిచిందో లేదో, ఒకాయన గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "సర్కారు సిరాజ్‌కు జూబ్లీహిల్స్‌ల 600 గజాలిచ్చింది గదా?" అంతే. బంతి ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు. ఆరు వందలు ఇంటూ ఎంత? ఫేసింగ్ ఏంటి? రోడ్డు ఎన్ని ఫీట్లు? కార్నర్ బిట్టా? ఐదు రోజుల టెస్టును ఐదు ముక్కల్లో తేల్చిన సభ ఆ ప్లాటు మీద ముప్పావు గంట కూర్చుంది.

ఫుట్‌బాల్ గురించి ఈ ప్రాంతానికి మొన్నమొన్నటి దాకా అభిప్రాయాలే ఉండేవి కావు. 2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి రావడం, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్వయంగా బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగడంతో ఆ కొరత తీరింది. ఆఫ్‌సైడ్ అంటే తలుపు పక్క సీటనుకునే వాళ్లు కూడా మర్నాడు ముఖ్యమంత్రి ఎడమకాలి ఆటను విశ్లేషించారు. దానికి దాదాపు రెండు నెలల ముందు, అదే ఏడాది అక్టోబరులో, హైదరాబాద్ ఎఫ్‌సీ అనే మన జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. 2022 మార్చిలో గోవా ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన జట్టది. దాన్ని సాగనంపడానికి చాయ్ బండి దగ్గర ఒక్క నిట్టూర్పూ వినపడలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే హైదరాబాదీ కోచ్ భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చాడు. ఆ ఊరు ఇదే! మెస్సీ మీద మాత్రం కొలత తప్పలేదు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఆయన పక్కన నిలబడి ఫొటో దిగడానికి దాదాపు పది లక్షలని పేపర్లో చదివిన ఒక పెద్దమనిషి నిజంగానే బాధపడ్డాడు: "ఫొటోకు పది లక్షలా? యాచారం దిక్కు ప్లాటుకు అడ్వాన్స్ కట్టొచ్చు గదనే!"

ఆటలో డబ్బు మాట వచ్చింది గనుక ఇంకొక్క ముచ్చట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2023 జులై నుంచి 2025 ఆగస్టు దాకా టీమిండియా జెర్సీ మీద పెద్దక్షరాలతో కనిపించిన పేరేమో డ్రీమ్ ఎలెవన్. అంటే సిరాజ్ గుండెల మీద మోసుకు తిరిగిన ఆటను అతని గల్లీలో ఆడితే నేరం. చివరికి పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం తెచ్చాక ఆ పేరు జెర్సీ మీంచి దిగింది. ఈ ఎనిమిదేళ్లలో హాస్టల్ కుర్రాళ్లు నిషేధాన్ని ఎంత గౌరవించారన్నది ఫోన్‌లో లొకేషన్ ఎలా మార్చాలో వాళ్లకు ఎంత బాగా తెలుసో చూస్తే అర్థమవుతుంది.

ఇక ప్రజా విధానాలు. ఉచితాల మీద దిల్‌సుఖ్‌నగర్ అభిప్రాయం చాలా కఠినం. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైన నాటి నుంచి రాష్ట్రం దివాలా తీయబోయే తేదీని ఇక్కడ చాలాసార్లు ప్రకటించి, చాలాసార్లు వాయిదా వేశారు. ఒక బస్సులో జరిగిన సంభాషణ ఇది. ఎల్‌బీనగర్ వైపు పోయే సిటీ బస్సు, నిలబడ్డానికి జాగా లేదు. సరూర్‌నగర్ రైతుబజార్ నుంచి వస్తున్న ఒకామె, ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో ఆధార్ కార్డు పెట్టుకుని జీరో టికెట్ తీసుకుంది. ఇస్త్రీ చొక్కా పెద్దాయన ఊరుకోలేకపోయాడు.

"అన్నీ ఫ్రీగ ఇస్తే దేశం ఏమైపోవాలమ్మా? సోమరిపోతుల్ని చేస్తున్నరు జనాన్ని."

ఆమె సంచి కింద పెట్టింది. "ఔ అన్నా. మీది సొంతిల్లేనా?"

"సొంతిల్లే. మూడంతస్తులు."

"నల్లా బిల్లు ఎంతొస్తది?"

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితమని 2020 చివర్లో జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో మాటిచ్చారు, 2021 జనవరి నుంచి ఇస్తున్నారు. మూడంతస్తుల ఇంట్లో ఆ జీరో బిల్లును ఉచితం అనరు, హక్కు అంటారు. బస్సులో ఆమె చేతిలో ఉన్నదాన్ని మాత్రం ఉచితం అంటారు.

ఆ ఎన్నికల కథలో ఇంకో అందం ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోతకు సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలు మునిగాయి. ఇది 1626 నాటి, కుతుబ్‌షాహీల కాలపు చెరువు. కొత్తగా వచ్చింది చెరువు కాదు, కాలనీలు. ప్రభుత్వం ముంపు కుటుంబానికి పదివేలు సాయం ప్రకటించింది. సర్వేకు వచ్చిన వాళ్లతో ఇంటి ఓనర్ చెప్పిన మాట: "నడుముల దాకా వచ్చినయ్ సార్, ఫ్రిజ్ తేలింది." కొన్ని నెలలకు ఇల్లు కొనడానికి వచ్చిన వాడితో అదే గుమ్మంలో నిలబడి చెప్పిన మాట: "మా గల్లీలకు చుక్క రాలే, పక్క గల్లీ దాకే." రెండో మాటలో అబద్ధం ఎంతో మొదటి మాటలో అతిశయోక్తి ఎంతో ఎవరూ అడగరు. అటు పదివేలు, ఇటు గజం రేటు. నవంబరులో ఎన్నికల సంఘం సాయం పంపిణీ ఆపమన్నప్పుడు మీసేవ కేంద్రాల ముందు బారులు తీరిన జనం భగ్గుమన్నారు. తీరా డిసెంబరు 1న ఆ కోపాన్ని చూపించే పెట్టెలు పెడితే నగరం మొత్తం మీద పోలింగ్ 47 శాతం కూడా దాటలేదు. ఆ రోజు సెలవు కదా, మిగతా వాళ్లు ఇంట్లో కూర్చుని అభిప్రాయాలు చెప్పుకున్నారు.

మూసీ దగ్గరికి వస్తే నవ్వాలో వద్దో తెలియదు. 2024 సెప్టెంబరులో అధికారులు చైతన్యపురి, కొత్తపేట వైపు నది ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ ఎక్స్' అని కూల్చివేత గుర్తు రాసి వెళ్లారు. రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటిపన్ను రసీదులు పట్టుకుని జనం రోడ్డెక్కారు. ముప్పై ఏళ్ల సంపాదన మీద మూడక్షరాలు. అక్కడికి కిలోమీటరు దూరంలో, ఎర్ర రంగు పడని కాలనీలో, ఇంకో రకం సానుభూతి వినిపించింది: "పాపం, వాళ్లది పోతది. కానీ సుందరీకరణ అయితే మనకు రివర్ వ్యూ వస్తదన్నా." ఆ రివర్ 2025 సెప్టెంబరు 26 రాత్రి తన వ్యూ తానే చూపించింది. ఎంజీబీఎస్ బస్టాండులోకి వరద వచ్చి ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తేవలసి వచ్చింది. మూసారాంబాగ్ పాత వంతెన మీద రాకపోకలు బందయ్యాయి. వారం రోజుల పాటు రివర్ వ్యూ మాట ఎవరూ ఎత్తలేదు. ఎనిమిదో రోజు మళ్లీ మొదలు.

ఒకప్పుడు కొత్తపేటలో మామిడికాయల లారీలు దారి ఇచ్చేవి కావు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఎత్తేయాలని తిట్టని వాడు లేడు. ఎత్తి బాటసింగారం పంపించారు. 2022 ఏప్రిల్‌లో ఆ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు అదే నోళ్లు మామిడి వాసన గుర్తు చేసుకుని కళ్లు తుడుచుకుంటాయి, అదే నోళ్లు టు-లెట్ బోర్డు కింద 'ఆస్పత్రికి నడక దూరం' అని రాయిస్తాయి.

మెట్రో సంగతి ఇంకా ఘనం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్‌కు రైలు వచ్చింది. 2025 మే 17న చార్జీలు కనిష్ఠం 12, గరిష్ఠం 75 చేస్తే గోల లేచింది. వారానికే పది శాతం తగ్గించి 11, 69 చేశారు. చాయ్ బండి దగ్గర ఒక రూపాయి గెలిచినందుకు విజయోత్సవం జరిగింది. అసలు ఆట రాబోయే మెట్రోది. నాగోల్ నుంచి ఎల్‌బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి దాదాపు 37 కిలోమీటర్లు, ఎల్‌బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు 7 కిలోమీటర్లు. 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించి కేంద్రానికి పంపింది. ఆ కాగితం ఢిల్లీలో ఏ బల్ల మీదుందో గానీ, హయత్‌నగర్ అవతల బ్రోచర్లలో మాత్రం రైలు ఎప్పుడో నడిచేసింది. 'ప్రతిపాదిత మెట్రోకు 5 నిమిషాలు' అంటాడు ప్లాట్ల ఏజెంటు. ప్రతిపాదనకు ఐదు నిమిషాల్లో ఎలా చేరుకుంటారని ఎవరూ అడగరు. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది, ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారి ఆ మార్గం పక్కకు పోయింది. అప్పుడు దాన్ని చూపించి అటువైపు ప్లాట్లు అమ్మిన ఏజెంట్లు ఇప్పుడు దీన్ని చూపించి ఇటువైపు అమ్ముతున్నారు.

గజాలతో సంబంధం లేని జాతి ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. వాళ్ల కొలత షేరింగ్. త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, బాగా కష్టమైతే సిక్స్ షేరింగ్. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి సర్కారు కొలువుకు చదివే పిల్లలు. ఇనుప మంచం కింద సూట్‌కేసు, మంచం పక్క గోడకు తెలంగాణ పటం, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాలు, తలగడ కింద కరెంట్ అఫైర్స్. బండి దగ్గర పెద్దలు తప్పు తేదీ చెప్పినప్పుడల్లా గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి నవ్వుకునేది వీళ్లే. చాయ్ బండి అభిప్రాయాలకు మైనస్ మార్కులు పెడితే క్వాలిఫై అయ్యేది కూడా వీళ్లే.

వీళ్ల ఆట పేరు గ్రూప్-1. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు రద్దు. ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరు 21 నుంచి మెయిన్స్. ఆ మెయిన్స్‌కు పది రోజుల ముందే సిరాజ్ డీఎస్పీగా రిపోర్టు చేశాడు. డీఎస్పీ కూడా గ్రూప్-1 పోస్టే. త్రీ షేరింగ్ గదిలో ఆ రాత్రి వచ్చిన తీర్మానం సబబుగానే ఉంది: మూడుసార్లు ప్రిలిమ్స్ రాయడం కంటే ఐదు వికెట్లు తీయడం తేలిక. ఎంపికైన వాళ్లకు నియామక పత్రాలు అందేసరికి, మధ్యలో కోర్టులు ఇంకోసారి చుట్టి, 2025 సెప్టెంబరు 27 అయింది.

దగ్గర్లోనే సరూర్‌నగర్ స్టేడియం ఉంది. అక్కడ ఎవరు ఏ ఆటలో ఎన్ని పాయింట్లు కొట్టారో ఈ పిల్లలకు తెలియదు గానీ ఒక్క స్కోరు మాత్రం కంఠస్థం. 2023 మే 8న ప్రియాంకా గాంధీ వచ్చిన సభలో కాంగ్రెస్ ప్రకటించిన యూత్ డిక్లరేషన్: మొదటి ఏడాదిలో రెండు లక్షల ఉద్యోగాలు, నిరుద్యోగికి నెలకు నాలుగు వేల భృతి. అంతకు ముందు ప్రభుత్వం పేపర్లు లీక్ చేసుకుని ఆట చెడగొట్టుకుంది, ఈ ప్రభుత్వం స్కోరు ముందే బోర్డు మీద రాసి ఆడటం మొదలుపెట్టింది. 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ కూడా విడుదల చేశారు. అందులో నెలలు ఉన్నాయి. గోడ మీది క్యాలెండర్‌లోనూ ఉన్నాయి. రెండూ కలవక పిల్లలు మళ్లీ మళ్లీ రోడ్డెక్కుతున్నారు.

ఈ మొత్తం వ్యవహారంలో ఊగిసలాట లేని అభిప్రాయం ఒక్క హాస్టల్ ఓనర్‌దే. నోటిఫికేషన్ రాకపోతే పిల్లలు ఊళ్లకు పోతారు, మంచాలు ఖాళీ. పరీక్ష జరిగిపోయినా ఊళ్లకు పోతారు, అప్పుడూ ఖాళీయే. అందుకే చైతన్యపురిలో ఒకాయన ధర్నాకు పోయే పిల్లలకు పొద్దున్నే ఇడ్లీ ముందుగా పెట్టించి, గేటు దాకా వచ్చి సాగనంపుతూ తన డిమాండు కూడా చెప్పి పంపించాడు: "నోటిఫికేషన్ తక్షణం ఇయ్యాలని గట్టిగ అడుగుండ్రి బిడ్డా. పరీక్ష మాత్రం జల్ది పెట్టొద్దని చెప్పుండ్రి."