మయుడికి మహజరు

శ్రీ మయ బ్రహ్మ గారి దివ్య సముఖమునకు, గుంటూరు శివార్లలో 175 గజాల తూర్పు ముఖం స్థలంలో సొంత ఇల్లు కట్టుకొని, అందులోనే కాపురముంటూ, ఆ కారణం చేత దాన్ని రోజూ చూడక తప్పని ఒక రిటైర్డు లెక్కల మాస్టారు వ్రాసుకొను మహజరు ఏమనగా:

అయ్యా, తమరు ధర్మరాజు గారికి సభను 14 నెలల్లో కట్టి అప్పగించారని భారతం చెబుతోంది. మెటీరియల్ తమదే. బిందుసరస్సు దాకా వెళ్లి మణులూ మాణిక్యాలూ తమరే తెచ్చుకున్నారు. వస్తూ వస్తూ భీముడికో గద, అర్జునుడికి దేవదత్తమనే శంఖం కూడా పట్టుకొచ్చారు. వాటికి ‘ఎక్స్‌ట్రా’ వేసినట్టు వ్యాసులవారు ఎక్కడా రాయలేదు. అడ్వాన్సు ఊసే లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ఖాండవం తగలబడుతుంటే అర్జునుడు తమ ప్రాణం నిలబెట్టాడు. నమ్మకమైన కాంట్రాక్టరు కావాలంటే ముందు అతని ప్రాణం కాపాడి ఉండాలన్నమాట. నా కాంట్రాక్టరుకి ఆరోగ్యం భేషుగ్గా ఉండేది. అక్కడే నాకు దెబ్బ తగిలింది.

ఎంపిక దగ్గర నేను అశ్రద్ధ చేశానని మాత్రం తమరు అనుకోకూడదు. నలుగురిని పిలిపించాను. మొదటాయన ఇంజినీరింగు చదివినవాడు. కాఫీ కూడా తాగకుండా “మట్టి పరీక్ష చేయించారా?” అన్నాడు. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది, దానితో పాటు పైనున్న గోడనీ విచ్చేస్తుంది. మామూలు పునాది చాలకపోవచ్చు, అడుగున గంటలా వెడల్పయ్యే పైల్స్ దింపాల్సి రావచ్చు అన్నాడు. గడ్డపార ముట్టకముందే ఖర్చు పెంచుతున్నాడని పంపేశాం. రెండో ఆయన, తాను అయిదేళ్ల కిందట కట్టిన ఇళ్లు చూపిస్తాను, వానలు పడ్డాక రండి అన్నాడు. వానల్లో ఎవరైనా ఇల్లు చూస్తారా? చెమ్మలన్నీ కనబడిపోవూ! ఇతనికి లోకజ్ఞానం లేదని తేల్చాం. మూడో ఆయన ఆరు పేజీల అగ్రిమెంటు తెచ్చాడు. ఏ సిమెంటు, ఏ ఇనుము, ఏ దశ పూర్తయితే ఎంత ఇవ్వాలి, పని ఆలస్యమైతే వారానికి ఎంత కోసుకోవాలి, అన్నీ తనే రాసుకొచ్చాడు. మా ఆవిడ అది చదివి “మనుషుల మీద నమ్మకం లేనివాడు ఇల్లేం కడతాడండీ” అంది.

నాలుగోవాడు మనవాడు.

మనవాడంటే మా ఆవిడ మేనమామ తోడల్లుడి కొడుకు. ఆవిణ్ణి వదినా అంటాడు, నన్ను అన్నయ్యగారూ అంటాడు. కాగితమంటూ ఏదీ తేలేదు. టీపాయ్ మీదున్న శుభలేఖని వెనక్కి తిప్పి, నా పెన్నే తీసుకొని, మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకి ఇంత అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. “మీ దగ్గర నేను లాభం చూసుకుంటానా అన్నయ్యగారూ” అన్నాడు. ఆ మాట నిజమేనని ఇప్పటికీ నమ్ముతాను. అతను చూసుకున్నదానికి లాభం అనే పేరు చాలదు. తొమ్మిది నెలల్లో తాళాలు చేతికిస్తానన్నాడు. శంకుస్థాపన నాడే కొబ్బరిచిప్పతో పాటు అయిదు లక్షలు ఇచ్చాను. పెన్ను కూడా తిరిగి రాలేదు.

చదరపు అడుగంటే పొడవుని వెడల్పుతో గుణించడమని 34 ఏళ్లు పిల్లలకి చెప్పాను. ఆ పిల్లలందరికీ ఇందుమూలంగా క్షమాపణ. మనవాడు స్లాబు కొలిచాడు. కిటికీల మీది సన్‌షేడ్లు కొలిచాడు. మెట్లని కింద ఒకసారి, పైన హెడ్‌రూము దగ్గర మరోసారి కొలిచాడు. పోనీ అన్నీ కలిశాయి కదా అని సంప్, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ గురించి అడిగితే “అవి ఆ రేటులో ఎక్కడొస్తాయి అన్నయ్యగారూ, ఎక్స్‌ట్రా” అన్నాడు. శుభలేఖ తిప్పి చూశాను. అతను చెప్పింది నిజమే. అందులో వాటి ప్రసక్తి లేదు. వధూవరుల పేర్లు మాత్రం ఉన్నాయి.

ఇనుము దిగిన రోజున లెక్కల మాస్టారికి ఊపిరి లేచొచ్చింది. చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. అంటే 12 మిల్లీమీటర్ల చువ్వ, 12 మీటర్ల పొడవుది, 10 కిలోల 660 గ్రాముల పైచిలుకు తూగాలి. పక్కవీధి పాత ఇనుము కొట్టువాడి కాటా అద్దెకు తెచ్చి తూయించాను. తొమ్మిదిన్నర. అయిదు శాతం అటూ ఇటూ అయితే ఒప్పుకోవచ్చట, ఇది పదకొండు శాతం తక్కువ. కాగితం మీద లెక్కవేసి మరీ చూపించాను. చాలాసేపు చూసి “ఎండలకి కొంచెం తగ్గుతుంది” అన్నాడు. ఇనుము ఎండుతుందని ఆ పూటే తెలిసింది. అప్పుడైనా గట్టిగా అడిగేవాణ్ణే. లోపల్నుంచి మా ఆవిడ “మనవాడు, కాస్త చూసి మాట్లాడండి” అని కేకేసింది.

స్లాబు రోజు సంగతి తమరికి వివరంగా మనవి చేయాలి. కూలీలకి బిర్యానీ పెట్టడం మా వైపు ఆచారం, పెట్టాను. ఎమ్20 కాంక్రీటుకి 50 కిలోల సిమెంటు బస్తా ఒక్కంటికి 30 లీటర్లకి మించి నీళ్లు పోయకూడదని భారత ప్రమాణాల పుస్తకం 456లో రాసి ఉంది. ఆ పుస్తకం జిరాక్సు చేతబట్టుకొని మిల్లరు పక్కన నిలబడ్డాను. మిల్లరువాడు లీటర్లూ బక్కెట్లూ ఎరగడు. వాడి చేతిలో ఉన్నది పైపు. “జారాలి కదండీ” అన్నాడు. జారింది. పాయసంలా జారింది. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుందని నేనంటుంటే, అంత బిర్యానీ తిన్నవాడు కూడా నన్ను ఆకలేసినవాణ్ణి చూసినట్టు చూశాడు. చువ్వలకి కింద 20 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, దానికి కవర్ బ్లాకులు పెట్టాలి. మావాళ్లు కంకర రాళ్లు పెట్టారు. తొక్కేసరికి అవి పక్కకి పోయాయి. వైబ్రేటరు పదకొండింటికి ఆగిపోయింది, దాన్ని బాగుచేసేవాడు బిర్యానీ వేళకి వచ్చాడు. స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపడం ఎవరి బాధ్యతో శుభలేఖలో లేదు కాబట్టి పది రోజులు నేనూ మా ఆవిడా చెరో బిందెతో తడిపాం. ఇల్లంతటిలో నిబంధన ప్రకారం జరిగిన పని అదొక్కటే.

తర్వాత మనవాడు కనబడటం తగ్గింది. ఆషాఢమన్నాడు. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టరు సరే, సగంలో ఉన్న గోడకి ఆషాఢమేమిటండీ? ఆపైన కూలీలు శ్రీకాకుళం వెళ్లారు, సంక్రాంతికి వెళ్లినవాళ్లు శివరాత్రి చూసుకుని వచ్చారు. ఫోను చేసినప్పుడల్లా “బైపాస్ మీదున్నానన్నయ్యగారూ, పది నిమిషాలు” అనేవాడు. అతను ఆ బైపాస్ మీద ఉన్న కాలానికి పంచాయతీవాళ్లు ఇంటిపన్ను వేయొచ్చు. నేను మాత్రం ఏం చేశాను? గోడ లేవకముందే ప్లాస్టరింగు డబ్బిచ్చాను, ప్లాస్టరింగు కాకముందే టైల్స్ డబ్బిచ్చాను. డబ్బు ముందు నడుస్తుంటే పని వెనక నుంచి దాన్ని అందుకుంటుందనుకున్నాను. ద్వారబంధం ఎత్తిన రోజున వడ్రంగికీ మేస్త్రీకీ కొత్త బట్టలు పెడితే మనవాడు కూడా వచ్చి పంచె అంచు పరిశీలించి తీసుకెళ్లాడు.

విజయావారు 1952లో ‘పెళ్ళిచేసి చూడు’ అని సగం సామెతకి సినిమా తీసి ఊరుకున్నారు. మంచి పని చేశారు. ఇల్లు కట్టే సగం తీసి ఉంటే జనం నవ్వుకుంటూ బయటికి వచ్చి ఉండేవాళ్లు కాదు.

తొమ్మిది నెలలు ఇరవై రెండయ్యాక గృహప్రవేశం చేశాం. తమ సభలో దుర్యోధనుడు నేలనుకుని నీళ్లలో పడ్డాడు కదా, ఆ భోగం నాకూ దక్కింది. మా బాత్‌రూము వాటం హాలు వైపుంది. తెల్లవారుజామున అయిదింటికి లేచి, పొడిగా ఉందనుకున్న చోట అడుగు వేసి, పాలపొంగు మరకల మీద పడ్డాను. నవ్వడానికి మా ఇంట్లోనూ ఒకావిడ ఉంది.

లా చదివిన మా అల్లుడిని అడిగాను. రెరా అనే చట్టం ఉందట గానీ అది అమ్మకానికి కట్టేవాళ్ల మీదట. పైగా 500 చదరపు మీటర్ల లోపు స్థలాన్ని అది కన్నెత్తి చూడదట. మా 175 గజాలు 146 చదరపు మీటర్లు. అయినా దిగులు పడొద్దు, ఇల్లు కట్టిపెట్టడం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది, రెండేళ్ల లోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. “అగ్రిమెంటు ఇవ్వండి మావయ్యా” అన్నాడు. శుభలేఖ ఇచ్చాను. అటు తిప్పి, ఇటు తిప్పి “ఈ పెళ్లికి మనం వెళ్లలేదు కదూ” అన్నాడు. రసీదులడిగాడు. మనవాడి దగ్గర రసీదు ఎవరు తీసుకుంటారు? ఇంతలో మా ఆవిడ వచ్చి, వచ్చే నెలలో మేనమామగారింట్లో షష్టిపూర్తి, అక్కడ అందరూ ఎదురుపడాలి, కేసుల మాట ఎత్తొద్దంది.

షష్టిపూర్తిలో మనవాడు నా పక్కనే కూర్చుని భోంచేశాడు. తనూ ఇల్లు కట్టుకుంటున్నాడట. తమ్ముడూ, సొంత మేస్త్రీలే కదా అన్నాను. “అబ్బే, మనవాళ్లయితే అడగలేం అన్నయ్యగారూ. బయటాయనకిచ్చాను. ఆరు పేజీల అగ్రిమెంటు రాసుకున్నాం” అని పప్పులో నెయ్యి వేసుకున్నాడు. ఆ బయటాయన ఎవరో కనుక్కున్నాను. మా మూడో ఆయనే. ఇంకో ఏడాదిన్నర దాకా ఆయనకి తీరిక లేదట.

కాబట్టి తమరికి విన్నవించుకొనేదేమనగా, మాకు పైన రెండు గదులు వేయాలి. అందుకోసం పిల్లర్ల చువ్వలు డాబా మీదికి మూరెడు వదిలిపెట్టి ఉంచాను. అవి తుప్పు పడుతున్నాయి. తమరు వెంటనే రాగలరు. మెటీరియల్‌తో సహా. అడ్వాన్సు ఇవ్వబడదు.