గుట్టెక్కేవాళ్లకు ఆరు ఎదురు సలహాలు

పెద్దతిప్పసముద్రం, బి.కొత్తకోట, మదనపల్లె చుట్టూ ఎటు చూసినా రాతి గుట్టలే. అరగంటలో ఎక్కి దిగగలిగేవి ఎన్నో. 4,000 అడుగులు దాటిన హార్సిలీహిల్స్‌ను, అంటే మన ఏనుగు మల్లమ్మ కొండను, ఎక్కే ఓపిక లేకపోతే కొండపైన బస్సు దిగి గాలిబండ అనే బండ దాకా నడిచినా పల్లెలన్నీ కళ్లముందుంటాయి. అందరూ చెప్పే సలహాలకు ఈ కింది ఆరూ ఎదురుగా ఉన్నా, ప్రతిదానికీ కారణం ఉంది.

1. చెరువులు ఎండాక వెళ్లండి. అక్టోబరు, నవంబరు వానలకు కొండ పచ్చబడుతుంది, కంటికి బాగుంటుంది. కానీ ఆ పచ్చదనం కింద దాగిన గీతలు ఫిబ్రవరి, మార్చిలోనే బయటపడతాయి. వంక ఎక్కడ పుట్టింది, ఏ చెరువులో పడింది, ఆ చెరువు అలుగు పారితే కింద ఏ చెరువు నిండుతుంది, అన్నీ వేలుపెట్టి చూపించవచ్చు. గొలుసుకట్టు చెరువులంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

2. సూర్యోదయం వదిలేయండి. ఈ కొండల్లో ఎలుగుబంట్లున్నాయి. రాత్రంతా మేతకు తిరిగి తెల్లవారుజామున గుండ్ల సందుల్లోకి చేరతాయి. పైగా మంచుకు తడిసిన బండ జారుతుంది. పొద్దెక్కి రాయి ఆరాక బయల్దేరి, ఎండ ముదరకముందే దిగిరండి.

3. ఎక్కే దారి కాదు, దిగే దారి అడగండి. ఎక్కేటప్పుడు చేతులు కూడా సాయం వస్తాయి. దిగేటప్పుడు అదే వాలు నిలువు గోడలా కనబడి కాళ్లు వణుకుతాయి. మేకలు కాసే మనిషి కనిపిస్తే, "అన్నా, దిగేదానికి ఏ పక్క బాగుంటాది?" అని అడగండి. పొరలు లేచిన బండను కర్రతో తట్టి చూడండి. డొల్లగా మోగితే దాని అంచున కాలు పెట్టొద్దు.

4. పైకి చేరగానే ముందు కాళ్ల కింద చూడండి. మీరు నిలబడింది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. దాని మీద వాన నీళ్లు నిలిచే పళ్లెమంత దోన, ఎండి, అడుగున పలచటి మట్టిపెచ్చులతో కనిపిస్తుంది. ఆ మట్టిలో వచ్చే వానకు మేలుకునే చిన్న జీవుల గుడ్లు ఉండవచ్చు. పక్కనే వేలెడు మందం మట్టిని పట్టుకుని గడ్డి బతుకుతుంటుంది. బూటు కింద ఆ గడ్డి ఊడితే మొదటి వానకే మట్టి కొట్టుకుపోతుంది. వట్టి బండ మీదే నడవండి, కూర్చోండి.

5. సెంటు పూసుకోకుండా, చెమట వాసనతోనే రండి. పెద్ద గుండ్ల కింద తేనెపట్లుంటాయి. ఘాటు వాసనకూ పొగకూ ఈగలు రేగుతాయి. పాటల పెట్టె కూడా కిందే వదిలేస్తే, దక్షిణాది రాతి కొండల్లో తప్ప మరెక్కడా బతకని పసుపు గొంతు పికిలిపిట్ట పొదల్లోంచి వినిపించవచ్చు.

6. దిగాక నేరుగా ఇంటికి పోకండి. ఎకరం బండ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు. రాయి వాటిలో చాలా మటుకు తాగదు, కిందికి వదిలేస్తుంది. పైనుంచి చూసిన చెరువు కట్ట మీదికి వెళ్లి, ఆ నీళ్లు తెచ్చే వంక ఇంకా అక్కడిదాకా వస్తోందా చూడండి. మధ్యలో ఎవరి పొలంలోనైనా కలిసిపోయిందా? రోడ్డు కింద తూము పూడిందా? కనిపించింది కనిపించినట్టు ఊళ్లో చెప్పండి, గ్రామసభలో అడగమనండి. వెయ్యి అడుగుల బోరు వేసి టమాటా పండించే రైతుకు ఆ వంక తెరుచుకుంటే ఎంత ఊరటో ఆలోచించండి. కొండ అందాన్ని మెచ్చుకుని వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. దాని నీళ్లు ఎటు పోతున్నాయో చూసి చెప్పేవాళ్లే ఈ ఊళ్లకు కావాలి.