గుట్ట కనబడే గుంటలు

హైదరాబాదు నుంచి కొండల్లోని చిన్న ఊళ్లో కాపురం పెడదామని బయల్దేరే పెద్దమనిషికి ముందుగా ఒక మాట చెప్పాలి. సారూ, మీరు ఎక్కడం లేదు, దిగుతున్నారు. మీ పట్నం సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఉప్పల్ చౌరస్తా దాటి, భువనగిరి, ఆలేరు మీదుగా 163 నంబరు జాతీయ రహదారి పట్టుకొని 85 కిలోమీటర్లు వస్తే తగిలే మా జనగామ 400 మీటర్లకు అటూ ఇటూ. అంటే నూరు మీటర్లకు పైగా పల్లానికి జారి, కారు అద్దం దించి, "ఆహా, హిల్ స్టేషన్ గాలి!" అని గుండెల నిండా పీలుస్తున్నారన్నమాట. గాలి మహిమో, ఫ్లెక్సీ మహిమో!

ఫ్లెక్సీ మహిమేనని నా అనుమానం. ఈమధ్య జనగామ చుట్టుపక్కల పత్తిచేల గట్ల మీద వేపచెట్లకు కొత్త కాపు వచ్చింది. మంచు కప్పిన పచ్చని కొండ, దాని ఒళ్లో ఎర్రపెంకుల ఇల్లు, ముంగిట్లో ఊయల, ఊయల పక్కన కుక్కపిల్ల. కింద పెద్ద అక్షరాలతో "హిల్ వ్యూ ఫామ్స్. మూలాలకు మరలండి". ఆ కొండ ఏ స్విట్జర్లాండుదో, ఆ కుక్కపిల్ల ఎవరిదో. ఫ్లెక్సీ చాటుకు పోయి చూస్తే అసలు గుట్ట కనబడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు, సందుల్లో సీతాఫలం పొదలు, తుమ్మకంప, ఒక బండకు సున్నం, జాజు పూసి చేసిన దేవుడు. నర్మెట్ట మండలంలో మచ్చుపహాడ్ అని ఒక ఊరు ఉంది, పేరులోనే పహాడ్‌ను పెట్టుకొని. అయినా మా వైపు గుట్ట ఎక్కేది మేకలు, మేకల వెనక కాపరి, దసరా ముందర గంపలతో సీతాఫలాలకు పోయే ఆడవాళ్లు. వ్యూ కోసం ఎక్కినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

"నర్మెట్టలో మెట్ట ఉన్నది గద సార్, మెట్టంటే ఎత్తే గద!" అంటాడు ప్లాట్లు అమ్మే పిల్లగాడు. ఎత్తే నాయనా, ఆ ఎత్తే మా కొంప ముంచింది. మెట్ట అంటే మొగులు దిక్కు చూస్తూ విత్తనం వేసే భూమి. జనగామ పేరు చెబితే ఒకప్పుడు జనానికి గుర్తొచ్చేది కరువే. ఇక్కడి చెరువుకు గోదావరి రావాలంటే ములుగు జిల్లా అవతలి కొసన ఏటి ఒడ్డున మోటార్లు బిగించి, పైపుల్లో తోసి, ఒక జలాశయం నుంచి ఇంకో జలాశయానికి మెట్టు మెట్టుగా ఎక్కించాలి. దానికే దేవాదుల ఎత్తిపోతల పథకం అని పేరు. బొమ్మకూరు, గండిరామారం జలాశయాలు దాని మెట్లలోవే. ఎత్తు అనేది సర్కారుకు కరెంటు ఖర్చు, రైతుకు ఎదురుచూపు, ఫ్లెక్సీ కట్టినవాడికి మాత్రమే గజం రేటు.

ఇంకో ప్రమాదం కూడా పొంచి ఉంది. మెట్టను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పాళీ భాషలోని మెత్త కూడా అదే స్పెల్లింగు. మెత్త అంటే బౌద్ధుల మైత్రీభావన. ఈ సంగతి ఇంకా ఏ వెంచరు వాడి కంటా పడలేదు కాబట్టి బతికిపోయాం. పడ్డనాడు మా చెలకలో ధ్యాన మందిరం లేస్తుంది, గోధుమరంగు దుప్పటి కప్పుకున్న ఇంజనీర్లు కళ్లు మూసుకొని కూర్చుంటారు, మా మెట్ట ఒక్క రాత్రిలో మెత్తబడుతుంది.

పేర్లు మార్చి కొండలను సొంతం చేసుకోవడం వీళ్లు కనిపెట్టింది కాదు. 1870 ప్రాంతంలో కడప కలెక్టర్ హార్స్లీ దొర ఎండలు పడలేక మదనపల్లె దగ్గరి కొండ మీద బంగళా కట్టుకున్నాడు. జనం నోట ఏనుగు మల్లమ్మ కొండగా ఉన్నది హార్స్లీ కొండ అయి కూర్చుంది. ఆయన కనీసం నిజమైన కొండ ఎక్కాడు. మనవాళ్లు పల్లంలో కూర్చొని దొరతనం చేస్తున్నారు.

అన్నట్టు, ఫోనులో దారి చూసుకుంటూ వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలో ఇంకో నర్మెట్ట ఉంది. అక్కడ 2017లో పురావస్తు శాఖ వాళ్లు బృహత్ శిలాయుగపు సమాధులు తవ్వి ఎముకలు, కుండలు బయటికి తీశారు. నర్మెట్ట పేరున్న చోట శాశ్వతంగా స్థిరపడి, వేల ఏళ్లు ఎవరినీ ఏమీ అడగకుండా ప్రశాంతంగా ఉన్నవాళ్లు నాకు తెలిసి వాళ్లే. వాళ్లను కూడా చివరికి లేపారు.

ఇక కొనుగోలు సంగతి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. పట్నం పెద్దమనిషి కొనేది ఐదు గుంటలు, అంటే 605 గజాలు. మా దగ్గర ఆ జాగాలో బర్ల కొట్టం, గడ్డివాము, పెంటకుప్ప పడతాయి. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఫామ్. నాలుగు మూలల నాలుగు శ్రీగంధం మొక్కలు నాటి, పదిహేనేళ్లకు కోట్లు వస్తాయని కంపెనీ వాళ్లు కాగితం మీద రాసిచ్చారట. కోట్ల విలువైన చెట్టును ఊరి బయట ఒంటరిగా నిలబెట్టి, పదిహేనేళ్లు ఎవరూ కొట్టుకుపోకుండా ఉంటారని నమ్మే అమాయకత్వం పల్లెటూళ్లలో ఎన్నడో అంతరించిపోయింది. అది పట్నంలో ఇంకా దొరుకుతున్నందుకు సంతోషించాలి. 2000 చదరపు మీటర్లకు, అంటే సుమారు 20 గుంటలకు తగ్గిన ఫామ్ ప్లాట్లు కొనొద్దని ప్రణాళికా అధికారులు పేపర్ల ద్వారా చెబుతూనే ఉన్నారు. ఆ హెచ్చరిక వార్త ఒక పేజీలో, ఐదు గుంటల ఫామ్ ప్రకటన పక్క పేజీలో. జనం చదివేది రంగుల పేజీ.

ప్లాటు అమ్మాక ప్లాటుకు బాట కావాలి. బాటకు కంకర కావాలి. కంకర కావాలంటే క్రషర్ ఆడాలి. క్రషర్ ఆడాలంటే రాయి కావాలి. రాయి ఎక్కడిది? గుట్టది. ఇది ఏడు చేపల కథ కాదు, వరంగల్ పాత జిల్లా పొడుగునా ఏ గుట్ట పక్కన నిలబడ్డా కళ్లకు కనబడేదే. పొద్దున మందు పేలుతుంది, గోడలకు పగుళ్లు వస్తాయి, టిప్పర్లు తిరుగుతాయి, చెట్ల నుంచి సొరకాయ దాకా తెల్లటి దుమ్ము పడుతుంది. గుట్టను చూడటానికి వచ్చిన కారు, గుట్టను పొడి చేసి పరిచిన బాట మీదుగానే లోపలికి వస్తుంది. హిల్ వ్యూ అన్న మాటలో ఆ లెక్కన అబద్ధం లేదు, హిల్ టైర్ల కింద ఉంది. కాస్త వంగి చూడాలి.

సరే, ఇల్లు కట్టారు, వచ్చారు. ఎందుకు వచ్చారండీ అంటే అందరి నోటా ఒకటే మాట, నెమ్మది జీవితం కోసమని. పట్నంలో పరుగు ఎక్కువైందట, ఊళ్లో కాలం ఆగి ఉంటుందట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు 2025 ఆగస్టు గుర్తొస్తుంది. రాష్ట్రమంతా యూరియాకు కటకట వచ్చినప్పుడు రైతులు తెల్లవారక ముందే సొసైటీ ముందరికి పోయారు, నిలబడే ఓపిక లేక చెప్పులు వరసలో పెట్టారు. పట్టాపుస్తకాలు పెట్టారు, ఇటుక ముక్కలు పెట్టారు. వరి పొట్టకొచ్చేలోగా బస్తా దొరకాలి, దొరక్కపోతే పంట ఆగదు. నెమ్మదిగా కూర్చున్నవి ఆ చెప్పులు మాత్రమే. అంతకుముందు సంగతి అడిగితే ఇంకా బాగుంటుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది గాని, అంతదాకా కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే మడి తడిసేది. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకొని, పాము మీద కాలు పడకుండా చూసుకుంటూ మోటరు దగ్గరికి పోయినవాణ్ణి లేపి అడగండి, కాలం ఎక్కడ ఆగిందో చెబుతాడు.

ప్రశాంతత కథ ఇంకా వేరు. ఒంటరిగా ఉండి పుస్తకాలు చదువుకుంటానని వచ్చిన ఒక సారును మొదటి రోజు సాయంత్రం హోటల్ ముందర చూశాను. చాయ్ చేతిలో పట్టుకొని ఇంకా ఊదుకోలేదు, ఒక ముసలమ్మ ఆగింది.

"ఎవలింటి పిలగానివి బిడ్డా?"

"ఇక్కడి వాణ్ణి కాదమ్మా. కొత్తగా ఇల్లు కట్టుకున్నా."

"ఓ, గా గుట్ట కింద కట్టింది నువ్వేనా! బోరు ఎన్ని ఫీట్లకు పడ్డది?"

ఆరొందలని చెప్పాడు.

"నీళ్లెన్ని?"

సారుకు అర్థం కాలేదు. పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయన విడమరిచాడు, "ఎన్నించుల నీళ్లు పడ్డయని అడుగుతున్నది సారూ."

ఒకటిన్నర ఇంచు అన్నాడు. ముసలమ్మ ముఖం మీద జాలి కనబడింది. బోరు నుంచి ప్రశ్నలు భార్య దాకా పోయాయి. ఆమె ఎందుకు రాలేదు, పిల్లలు ఎందరు, జీతమెంత, జీతముండగా ఇక్కడేం పని, అప్పులైనాయా, ఆరోగ్యం బాగలేదా. ఎనిమిది గంటల బస్సు వచ్చేలోగా సారు జబ్బు మనిషని, భార్య వదిలేసిందని, డాక్టర్లు ఊరి గాలి పీల్చమన్నారని ఊరంతా ఒక నిర్ణయానికి వచ్చింది. నిజానికి ఊళ్లో స్థిరపడటమంటే అదే మొదటి మెట్టు. మన గురించి ఒక అబద్ధం ఊరు ఒప్పుకోవాలి. మర్నాటి నుంచి ఆయనకు చాయ్‌లో చక్కెర తక్కువ వేశారు, అడగకుండానే.

ఆ సారే కోతులకు బ్రెడ్డు వేశాడు. ఇది నేను క్షమించలేను. మక్కకంకి, పల్లికాయ, పెరట్లో చిక్కుడు పాదు, అన్నీ కోతుల పాలై కూరగాయలు వేయడమే మానేసిన ఊళ్లు మావి. 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు వాపసు రావాలె, కోతులు వాపసు పోవాలె అన్నారు. కోతులు మాత్రం వాపసు పోలేదు. ఆదివారం ఆదివారం కారులో అరటిపండ్లు, బ్రెడ్డు ముక్కలు వస్తుంటే ఎందుకు పోతాయి? ఫోటో తీసుకొని సారు సోమవారం పట్నం పోతాడు, ఆ సోమవారం బ్రెడ్డు కోసం కోతి మా ఇంటి రేకు ఎక్కుతుంది.

అన్నిటికన్నా ముచ్చటైనది పాస్‌బుక్కు. ఎకరాల్లో కొన్న ఆసామి చేతికి పట్టాదారు పాస్‌బుక్కు వస్తుంది, దాంతో రైతు అవుతాడు. 2018లో రైతుబంధు మొదలైన నాటి నుంచి పెట్టుబడి సాయం పాస్‌బుక్కు పేరుకే పోతోంది. ఇప్పుడు రైతు భరోసా పేరుతో ఎకరానికి పంటకు 6000. ఆయన భూమిలో నిజంగా దున్ని, విత్తి, కలుపు తీసేది కౌలు రైతు. ఆ కౌలు రైతు పేరు పాస్‌బుక్కులో ఉండదు కనుక ఆయన ఖాతాలో పైసా పడదు, కౌలు మాత్రం ఆయన కట్టాలి. మణికొండ ఫ్లాటులో కూర్చున్న రైతు ఫోను టింగుమంటుంది. ఆయన దాన్ని స్నేహితులకు చూపించి, "మేమూ వ్యవసాయం చేస్తున్నాం" అంటాడు. నిజమే చేస్తున్నాడు, ఫోనులో. ఐదు గుంటల సారుకు కూడా ఆశ ఉంది. లెక్క వేసి చెప్పాను, 750 రూపాయలు వస్తాయని. రానుపోను పెట్రోలుకు చాలవు.

మా ఊళ్ల పిల్లలు ఉప్పల్, బోడుప్పల్ గదుల్లో నలుగురు చేరి ఉంటున్నారు. వాళ్లెవరూ ఫ్లెక్సీ చూసి పోలేదు. పట్నంలో స్థిరపడ్డామని ఎక్కడా రాసుకోలేదు, మూలాలు అన్న మాట ఎత్తలేదు. పండగకు బస్సు కిటికీలోంచి కండువా విసిరి సీటు పట్టుకొని వస్తారు, రెండోనాడు పోతారు. వాళ్ల ఖాళీ ఇళ్ల తాళాలు ముసలివాళ్ల దగ్గర ఉంటాయి. నిజంగా ఊళ్లో ఉండాలనుకునే సారు ఆ ఇళ్లల్లో ఒకటి కిరాయికి తీసుకోవచ్చు. కంకర అక్కర్లేదు, కొత్త బోరు అక్కర్లేదు, గుట్ట దాని చోట అది ఉంటుంది. అయితే అందులో హిల్ వ్యూ లేదు, ఎదురుగా కనబడేది పక్కింటివాళ్ల బర్రె. ఈ మాట ముగ్గురికి చెప్పాను, ముగ్గురూ నవ్వి ఊరుకున్నారు.

ప్లాటు చూపించడానికి కంపెనీవాళ్లు వానాకాలంలో, ఏసీ బస్సులో, బిర్యానీ పెట్టి తీసుకొస్తారు. అప్పుడు మా గుట్టలు కూడా పచ్చగానే ఉంటాయి, నేను కాదనను. కొనే ఉద్దేశం నిజంగా ఉంటే మే నెలలో రండి సారూ, మీ అంతట మీరు, జనగామ బస్టాండులో దిగి, పల్లె వెలుగు బస్సెక్కి. మధ్యాహ్నం మూడింటికి ఆ బండ మీద ఒక్క గంట కూర్చోండి. వచ్చేటప్పుడు నీళ్లు తెచ్చుకోండి.