ఒంటిపూట బడి కరెస్పాండెంట్ గారికి ఒక కాఫీ అర్జీ

మహారాజశ్రీ కరెస్పాండెంట్ గారి దివ్యసముఖమునకు,

తమరి బడిలో ఒకటో తరగతి చదువుతున్న పిల్ల తల్లి, ఆదోని వాస్తవ్యురాలు, వ్రాసుకొను విన్నపము. తమరు క్షేమమని తలుస్తాను. తమరింట్లో పొద్దున కాఫీ ఎన్ని గంటలకో నాకు తెలియదు గానీ, తెల్లారకముందే గ్రూపులో తమరు పెట్టే మెసేజుల హుషారు చూస్తే, వేడివేడిగానే తాగుతున్నారని అర్థమవుతోంది. సంతోషం.

విషయమేమనగా, తమరి వ్యాను.

ఒంటిపూట బడులు మొదలైనప్పటి నుంచి అది ఆరూ ముప్పై ఐదుకే మా సందు మొదట్లోకి వచ్చేస్తోంది. ప్రభుత్వం చెప్పిన బడి టైము ఏడూ ముప్పావు. తమరి బడి మా ఇంటికి నడిచిపోతే పావుగంట. మరి మిగతా సేపంతా నా బిడ్డ ఎక్కడుంటోందండీ? భీమాస్ సర్కిల్, అక్కణ్ణుంచి షరాఫ్ బజారు, మళ్ళీ భీమాస్ సర్కిల్. పెళ్ళికూతుర్ని ఊరేగించినట్టు ఊరంతా తిప్పుతున్నారు. పత్తి బండ్లు అడ్డమని చెప్పడానికి కూడా లేదు, యార్డులో సీజను అయిపోవచ్చింది. డ్రైవరును అడిగితే "మీది ఫస్టు ట్రిప్పు మేడం" అన్నాడు. సెకండు ట్రిప్పు ఎవరికప్పా అంటే, "దూరమోళ్ళకు." దగ్గరోళ్ళకు ముందు, దూరమోళ్ళకు వెనక. లెక్కల మాస్టారును తమరే పెట్టుకున్నారు కదా, ఆయన్ను ఒకసారి అడిగి చూడండి.

సరే, పిల్ల వ్యానులోనైనా కునుకు తీస్తుంది. నేను రాస్తున్నది నా కాఫీ గురించి.

మొన్న మొన్నటి దాకా వ్యాను ఎనిమిదీ పదికి వచ్చేది. చిన్నోడు ఎనిమిదిన్నర దాకా కదిలేవాడు కాదు. మధ్యలో ఉన్న ఆ ఇరవై నిమిషాలు నావి. రోజు మొత్తంలో నావంటూ ఉన్నవి అవే. లేవగానే ఫిల్టరులో పొడి వేసి, కాగిన నీళ్ళు పోసి మూత పెట్టేస్తే, నేను జడలు వేసి, టై కట్టి, బెల్టు వెతికి, బాక్సులో ఉగ్గాని సర్దేలోపు డికాక్షన్ దాని పాటికది చుక్కాచుక్కా దిగేది. వ్యాను మలుపు తిరగ్గానే పాలు పొయ్యెక్కించేదాన్ని. గ్లాసు పట్టుకుని వాకిట్లో మెట్ల మీద కూర్చుని తాగేదాన్ని. ఎవరితోనూ మాట్లాడకుండా. ఎవరి ముక్కూ తుడవకుండా. ఆ తర్వాత చిన్నోణ్ణి చంకనేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కి, వాణ్ణి మా అత్తగారింట్లో దింపి ఆఫీసుకు పోయినా, మనిషిలాగే పోయేదాన్ని.

ఇప్పుడు ఆరూ ముప్పై ఐదుకు తమరి హారన్. మామూలు హారన్ కూడా కాదాయె, పాట హారన్. ఆ పాటకు చిన్నోడు లేస్తాడు. లేచాడంటే ఏడుపే. మా ఆయన జిన్నింగ్ మిల్లులో రాత్రి డ్యూటీ, ఏడున్నరకు గానీ ఇల్లు చేరడు. కాఫీకని పెట్టిన పాలు వాడి సీసాలోకి పోతాయి. మళ్ళీ పాలు పెట్టి, కలిపి, గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి బిందె దగ్గర ధబ్బుమని చప్పుడు. ఇల్లు తుడిచి వచ్చేసరికి మీగడ తేలి ఉంటుంది. వేడి చేస్తాను. ఈసారి వాడికి బాత్రూము. ఇంకోసారి వేడి చేస్తాను. అలా మాటిమాటికీ కాగిన కాఫీ ఎలా ఉంటుందో తమరెరుగరు. దానికన్నా కషాయం నయం, జలుబైనా తగ్గుతుంది.

హారన్ కొట్టొద్దయ్యా అని డ్రైవరును బతిమాలాను. "సారు ఆర్డరు మేడం. కొట్టకపోతే ఎవురూ బయటికి రారు" అన్నాడు. నేను వస్తున్నా కదా! పది నిమిషాల ముందే రోడ్డు మీద ఉండాలని నువ్వే మెసేజ్ పెడితివి, ఉంటిని! ఎదురుగా నిలబడిన మనిషి మొహం మీద హారన్ కొట్టమని ఏ ఆర్డరులో రాసినావయ్యా?

ఇంట్లో కుదరకపోతే బయట తాగమంటారేమో. మా అత్తగారింట్లో టీ తప్ప పెట్టరు, కాఫీ వేడి చేస్తుందని ఆమె నమ్మకం. బస్టాండు దగ్గర కాఫీ అడిగితే కాగిన పాలలో ఇన్‌స్టంట్ ప్యాకెట్ చించి పోసిస్తారు. సాయంత్రం నాలుగింటికి ఫైలు మీద తల వాలిపోతుంటే గతిలేక అదే తాగుతున్నాను. ఒంట్లోకి పోయిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే నాలుగింటి కాఫీ రాత్రి తొమ్మిదికి కూడా సగం నా నెత్తురులోనే తిరుగుతోంది. పొద్దంతా మెదడులో అడినోసిన్ పేరుకుని, ఇక పడుకో అని చెప్తుంది. కెఫీన్ వెళ్ళి దాని కుర్చీలో కూర్చుంటుంది. కబురు అందదు గానీ అలుపు ఎక్కడికీ పోదు, వడ్డీతో సహా అక్కడే ఉంటుంది. పదకొండు దాటాక కన్ను మూతపడితే రెండింటికి చిన్నోడు లేస్తాడు. ఐదింటికి నేను లేవాలి, తమరి ఫస్టు ట్రిప్పు కోసం.

పైగా ఇంట్లో ఫిల్టరు పొడేమన్నా ఊరికే వస్తోందా? బ్రెజిల్లో వానలు మొహం చాటేసి, 2025 ఫిబ్రవరిలో న్యూయార్కు మార్కెట్లో అరబికా గింజ పౌనుకు నాలుగు డాలర్లు దాటింది. ఆ వేడి మా వీధి అంగడి దాకా తగిలింది. అంగడాయన జాలిపడి చికోరీ ఎక్కువున్న ప్యాకెట్ చేతిలో పెడతాడు. కలిపి అమ్మే పొడిలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకూడదని నియమం, కనక మిగతా 49 చికోరీ వేరే అయినా అడిగేవాడు లేడు. ఒకసారి పంతం కొద్దీ అరకు కాఫీ తెప్పించుకున్నాను, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు. రాష్ట్రం ఆ కొసన కొండల మీద పండి, ఈ కొసకు అంత దూరం వచ్చిన గింజ, మా పొయ్యి దగ్గర నుంచి మెట్ల దాకా రాలేకపోయింది. తమరి హారన్ దయ.

మా అత్తగారు "బిడ్డలు పెద్దయినాక తాగుదువులే యమ్మా" అంటుంది. ఆమె ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పెరిగిన మనిషి, చల్లారినా కాచినా పెద్ద పట్టింపు లేదు. ఆ ఊళ్ళో మాచాని సోమప్ప గారు 1938లోనే నేసేవాళ్ళకు సహకార సంఘం పెట్టారు. ఆ చేత్తోనే తల్లులకూ ఒకటి పెట్టి ఉంటే ఈ ఉత్తరం సంఘం లెటర్‌హెడ్ మీద వచ్చేది, తమరు చదివేవారు కూడా.

ఇంకొక మాట. ఎండ తగలకూడదనే కదా ఒంటిపూట పెట్టింది? పన్నెండున్నరకు వదిలిన పిల్లను రేకు వ్యానులో మళ్ళీ అదే ఊరేగింపు చేసి, ఒకటిన్నరకు పక్కింటి పిన్ని గడపలో దింపుతున్నారు. మొహం కందిపోయి, నీళ్ళ సీసా ఖాళీ అయి వస్తోంది. అప్పుడు మాత్రం దగ్గరోళ్ళకు లాస్టు ట్రిప్పు. బడి ఒంటిపూట, ఫీజు రెండు పూటలది. థర్మకోల్ ప్రాజెక్టుల సంగతి ఇప్పుడెత్తను, ఎత్తితే తెల్లారుతుంది.

సార్, వెటకారం చాలు. నిజంగా అడుగుతున్నాను. వ్యాను ఏడూ పదికి పంపండి. కుదరదంటే ఆరున్నరకే పంపండి, హారన్ ఒక్కటి ఆపించండి. మిస్డ్ కాల్ ఇమ్మనండి, గేటు మీద తట్టమనండి, ఏదైనా సరే. చిన్నోడు ఇంకో అరగంట పడుకుంటే చాలు. ఆ అరగంట కూడా అక్కర్లేదు, ఒక గ్లాసు కాఫీ వేడిగా గొంతు దిగేంత సేపు చాలు. ఫీజు పెంచినప్పుడు నేను నోరెత్తలేదు. దీనికి మాత్రం కాదనకండి.

ఇట్లు,
ఫస్టు ట్రిప్పు తల్లి,
ఆదోని.

తా.క.: రేపు ఎల్లో డే, పిల్లలందరూ పసుపు బట్టల్లో రావాలని రాత్రి తొమ్మిదీ ఇరవైకి మెసేజ్ వచ్చింది. ఆ టైములో ఆదోనిలో ఏ అంగడి తెరిచి ఉంటుందో కూడా దాంట్లోనే పెట్టి ఉంటే బాగుండేది.